పిల్లలకి ముగ్గు నేర్పాలంటే ముందు రంగులు దాచేయండి

పండగ ముందు రోజు పిల్లల చేతికి రంగుల పొట్లాలిచ్చి, పెద్దవాళ్ళు వేసిన ముగ్గులో నింపమంటే వాళ్ళకి ముగ్గు వచ్చేయదు. నిజంగా నేర్పాలనుంటే డిసెంబర్ మధ్యలో నెలగంట పెట్టినప్పుడే, అంటే సంక్రాంతి నెల మొదలవగానే మొదలుపెట్టండి, భోగి దాకా దాదాపు నెల ఉంటుంది కాబట్టి రోజుకో చిన్న ముగ్గు చాలు. మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టండి, ఇది ఆడపిల్లల పని అని ఎవరన్నా పట్టించుకోకండి.

ముందు చుక్కలు. నాలుగైదేళ్ళ పిల్లలకి పిండి వద్దు, పలకా బలపం ఇవ్వండి, లేదంటే తడి గచ్చు మీద చాక్‌పీస్. వరసగా 3 చుక్కలు పెట్టించి, పైన 2, కింద 2 సందు చుక్కలు పెట్టించండి, అంటే ఈ చుక్కలు నడిమి వరసలోని చుక్కలకి ఎదురుగా కాకుండా వాటి మధ్య ఖాళీకి రావాలి. మధ్య చుక్క నుంచి చుట్టూ ఉన్న ఆరింటికీ ఒక్కో రేకు గీస్తే పువ్వయిపోతుంది, మొదటి రోజే ఒక ముగ్గు పూర్తయిందంటే మర్నాడు మీరు పిలవక్కర్లేదు. అది బాగా వచ్చాక 5 చుక్కలు 3 వచ్చేవరకు, అంటే నడిమి వరసలో 5 పెట్టి, పైకీ కిందకీ వరసకొకటి తగ్గిస్తూ 3 దాకా, ఆ తర్వాత అలాగే 7 చుక్కలు 4 వచ్చేవరకు. గీత వంకరపోతే పోనివ్వండి, చెరిపేసి మీరు దిద్దొద్దు, కానీ చుక్కల ఎడం సమానంగా లేకపోతే ఏ ముగ్గూ కుదరదు కాబట్టి అక్కడ మాత్రం గట్టిగా ఉండండి. వాళ్ళ చేత్తోనే బెత్తెడు కొలుచుకుని పెట్టమనండి.

ఏడెనిమిదేళ్ళొచ్చాక పిండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పట్టి, చెయ్యి నేలకి దగ్గరగా ఉంచి, బొటనవేలితో మెల్లగా రాలుస్తూ ముందుకి జరగాలి, ఆగితే అక్కడ కుప్ప పడుతుంది. మరీ మెత్తటి బియ్యప్పిండి వేళ్ళకి అంటుకుంటుంది, కాస్త బరకగా పట్టించండి. కళ్ళాపి చల్లగానే వేస్తే ముద్దయిపోతుంది, నేల ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడు వేయించండి. అపార్ట్‌మెంట్లో గుమ్మం ముందు జాగా లేకపోతే మేడ మీదకి తీసుకెళ్ళండి.

మెలికల ముగ్గుకి తొందర లేదు. గీత చుక్కని తాకకుండా చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే రావాలి, అది పెద్దవాళ్ళకే తికమక, అందుకని మీరొకటి వేసి దాని వెంబడి వేలు తిప్పమనండి.

రంగులు ఆఖర్న, అదీ పొడి ఇసకలో కలిపి ఇస్తే దుమ్ము లేవకుండా, కళ్ళల్లో పడకుండా ఉంటుంది. ఇక కనుమ నాడు రథం ముగ్గు మీరు వేసినా దాని తాడు గీత మాత్రం పిల్లలకే వదిలేయండి, పక్కింటి రథం దాకా లాగి కలపాలంటే ఆ ఇంటి పిల్లలు కూడా బయటికి వస్తారు.