లెగో రైలింజన్‌కి కొలతలు కుదరాలంటే

లెగో ఇటుకలతో రైలింజన్ కట్టేటప్పుడు, లెక్కల పుస్తకం గళ్ళలో బొమ్మ గీసుకుని గడికో ఇటుక పేరిస్తే ఇంజన్ ఎత్తు పెరిగిపోతుంది. రెండుసార్లు మొత్తం విప్పి మళ్ళీ కట్టాక గానీ నాకు తెలియలేదు: ఇటుక పైన ఉండే బొడిపెకీ బొడిపెకీ మధ్య 8 మి.మీ., ఇటుక ఎత్తు మాత్రం 9.6 మి.మీ.

అందుకే ముందు వెడల్పు 8 బొడిపెలని ఖాయం చేసుకోండి. మన సికింద్రాబాద్ లాలాగూడ షెడ్డులోని వ్యాప్-7 అనే కరెంటు ఇంజన్‌నే తీసుకుందాం. వెడల్పు 3,152 మి.మీ., 8తో భాగిస్తే 394, అంటే ఒక బొడిపె అసలు ఇంజన్‌లో 394 మి.మీ. పొడవు 20,562ని 394తో భాగిస్తే 52 బొడిపెలు. ఎత్తు 4,255ని 394తో భాగిస్తే 10.8 వస్తుంది. దాన్ని 8తో గుణించి 9.6తో భాగించండి, 9 ఇటుకలు. చక్రాలు కూడా ఆ తొమ్మిదిలోకే వస్తాయి, ఇది మర్చిపోవద్దు.

మూడు ప్లేట్లు (లెగోలోని పలచటి ముక్కలు) ఒక ఇటుక ఎత్తు. అంటే ఒక ప్లేటు అసలు ఇంజన్‌లో దాదాపు 158 మి.మీ. ముందు అద్దం కింది అంచు, పక్కన ఎర్ర పట్టీ ఈ ప్లేట్ల లెక్కలోనే పెట్టండి. చూపు మొదట పడేది అక్కడే, ఒక్క ప్లేటు తేడా వచ్చినా ముఖం మారిపోతుంది.

ఈ లెక్క బ్రాడ్‌గేజ్ ఇంజన్లకే. డార్జిలింగ్ బొమ్మరైలు లాంటి పట్టాల మధ్య 610 మి.మీ. ఉండే న్యారోగేజ్‌కి వాడితే లెగో పట్టాలు ఇంజన్ కింద మరీ వెడల్పుగా కనిపిస్తాయి.