పికిల్‌బాల్ స్వయంశిక్షణ – ఐదవ పాఠం: మూడో షాట్

పికిల్‌బాల్ అంటే ప్యాడిల్ అనే చిన్న బ్యాటుతో, రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతిని నెట్ మీదుగా కొడుతూ ఆడే ఆట. గత పాఠంలో సర్వ్‌ను, దానికి జవాబుగా కొట్టే రిటర్న్‌ను అవతలి బేస్‌లైన్‌కు, అంటే కోర్టు వెనుక గీతకు, దగ్గరగా పడేటట్లు కొట్టడం అభ్యసించాం. ఆ రెండూ చేతికి వచ్చాక డబుల్స్ ఆడేవారికి ఒక సందేహం తప్పక కలుగుతుంది. సర్వ్ మన చేతిలోనే ఉన్నా, అది చక్కగా పడుతున్నా, ర్యాలీలు మాత్రం అవతలి జట్టే ఎక్కువగా ఎందుకు గెలుస్తోంది? దీనికి కారణం ఆట నియమంలోనే ఉంది. సర్వ్ ఒకసారి నేలను తాకాలి, రిటర్న్ కూడా ఒకసారి నేలను తాకాలి. ఆ తరువాతే ఎవరైనా బంతిని గాలిలో ఉండగా కొట్టవచ్చు. అందువల్ల సర్వ్ చేసిన జట్టు, రిటర్న్ నేలను తాకేవరకు, నెట్‌కు 22 అడుగుల దూరంలో ఉన్న బేస్‌లైన్ వద్దే వేచి ఉండక తప్పదు. అవతలి జట్టులో ఒకరు ముందే కిచెన్ గీత వద్ద, అంటే నెట్‌కు 7 అడుగుల దూరంలో, నిలబడి ఉంటారు (నెట్‌కూ ఈ గీతకూ మధ్య ఉన్న చోటునే కిచెన్ అంటారు); రిటర్న్ కొట్టిన రెండోవారు కూడా కొట్టిన వెంటనే నడిచి ఆ గీతను చేరుకుంటారు. గీత దగ్గర ఉన్నవారు బంతిని కిందికి కొట్టగలరు, వెనుక ఉన్నవారు పైకి లేపి పంపవలసి వస్తుంది. ఈ అసమానతను సరిచేసే అవకాశం సర్వ్ జట్టుకు మొదటిసారి దొరికేది సర్వ్, రిటర్న్‌ల తరువాత తాము కొట్టే మూడో షాట్‌లోనే.

కాబట్టి ఈ పాఠం మొత్తానికి ఆధారమైన విషయాన్ని ముందే చెబుతాను. మూడో షాట్‌తో పాయింటు గెలవాలని చూడకండి. బేస్‌లైన్‌కూ కిచెన్ గీతకూ మధ్య ఉన్న 15 అడుగులు మీరిద్దరూ నడిచి ముందుకు రావడానికి కావలసిన వ్యవధిని ఆ షాట్ సంపాదించి పెడితే చాలు. నెమ్మదిగా పైకి లేచి, నెట్ దాటేసరికే కిందికి దిగుతూ, అవతలివారి పాదాల దగ్గర పడే బంతిని డ్రాప్ అంటారు. దాన్ని వారు గట్టిగా కొట్టలేరు, లేపి పంపవలసిందే. వారు లేపుతున్న ఆ కాస్త సమయమే మీది.

డ్రాప్ నేర్చుకునేవారు బంతి కిచెన్ లోపల పడిందా లేదా అన్నదాన్నే కొలమానంగా తీసుకుంటారు. ఇది సరైన కొలమానం కాదని నా అభిప్రాయం. కిచెన్‌లో కాలు పెట్టి వాలీ కొట్టడం, అంటే బంతి నేలను తాకకముందే కొట్టడం, ఫాల్ట్ (నియమ ఉల్లంఘన) అయినా, కాళ్లు గీత బయటే ఉంచి, ముందుకు వంగి, కిచెన్ మీదుగా వచ్చే బంతిని గాలిలోనే కొట్టడానికి నియమం అడ్డురాదు. నెట్‌కు రెండడుగుల ఎత్తున దాటివచ్చిన బంతి కిచెన్‌లో పడవలసిందే అయినా, ఎదుటి ఆటగాడు దాన్ని పడనివ్వకుండా చేయి చాచి మీ కాళ్ల మీదికి కొడతాడు. అదే నెట్‌ను తక్కువ ఎత్తులో దాటి, గీతకు అర అడుగు అవతల, అతని బూట్ల దగ్గర పడిన బంతి అతన్ని ఇబ్బంది పెడుతుంది. ఎక్కడ పడిందన్న దానికంటే, అతని ప్యాడిల్ దగ్గరకు చేరేసరికి బంతి నెట్ ఎత్తుకు దిగువన ఉందా అన్నది చూడండి. దీనికి సులభమైన గుర్తు ఒకటి ఉంది: బంతి గరిష్ఠ ఎత్తు నెట్‌కు మీ వైపునే రావాలి. బేస్‌లైన్ నుంచి కొట్టినప్పుడు ఆ ఎత్తు ఇంచుమించు మనిషి తల ఎత్తు ఉంటుంది.

ఇక కొట్టే తీరు. షటిల్ ఆడి వచ్చినవారికి ఇక్కడే ఎక్కువ సాధన అవసరం, ఎందుకంటే షటిల్‌లో వారికి బలాన్ని ఇచ్చిన మణికట్టు విసురు డ్రాప్‌ను పాడుచేస్తుంది. ప్యాడిల్‌ను వదులుగా పట్టుకోండి. మీ గట్టి పిడికిలిని పది అనుకుంటే మూడు, నాలుగుకు మించకూడదు. మోకాళ్లు వంచి, బంతి శరీరానికి ముందు ఉండగా, ప్యాడిల్ ముఖాన్ని కొద్దిగా పైకి తెరిచి, భుజం నుంచి చేయి మొత్తాన్ని కదిలిస్తూ బంతిని లేపాలి. ప్యాడిల్‌ను వెనక్కి ఎంత ఎక్కువగా తీసుకువెళితే పొరపాటుకు అంత చోటు ఇచ్చినట్లే. కొట్టడం పూర్తయ్యాక ప్యాడిల్ మీరు గురిపెట్టిన దిక్కుకే చూస్తూ ఛాతీ ఎత్తున ఆగాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పరుగెత్తుతూ కొట్టకండి. ముందు కాళ్లతో బంతి వెనుకకు చేరుకుని, నిలిచి, కొట్టి, ఆ తరువాతే కదలండి.

ఈ కదలికను చేతికి అలవాటు చేయడానికి మొదట ప్యాడిల్‌ను పక్కన పెట్టేయండి. బేస్‌లైన్ దగ్గర నిలబడి, చేతిని కిందినుంచి ఊపుతూ, బంతిని నెట్ మీదుగా అవతలి కిచెన్‌లోకి విసరండి. పది బంతులు విసిరేసరికి ఎంత ఎత్తు కావాలో, ఎంత బలం చాలో భుజానికే తెలిసిపోతుంది. తరువాత ప్యాడిల్ తీసుకుని కిచెన్ గీత దగ్గరే మొదలుపెట్టండి. పది బంతుల్లో ఏడు తక్కువ ఎత్తులో దాటి దిగుతుంటే రెండడుగులు వెనక్కి జరగండి, దిగకపోతే అక్కడే ఉండండి. బేస్‌లైన్ చేరడానికి కొన్ని వారాలు పట్టినా తొందరపడవలసిన పనిలేదు. మొదటి రోజే బేస్‌లైన్ నుంచి ప్రయత్నించినవారు, బంతి నెట్‌కు తగలకుండా చేయాలన్న ఆరాటంలో, దాన్ని అతిగా లేపడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

గురి విషయానికి వస్తే, ఆరంభంలో నెట్ మధ్యభాగాన్నే ఎంచుకోండి. నెట్ పక్క గీతల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34 అంగుళాలు ఉంటుంది. ఐమూలగా, మధ్యభాగం మీదుగా కొట్టిన బంతికి ఆ రెండు అంగుళాల వెసులుబాటుతో పాటు, దిగడానికి ఎక్కువ దూరం కూడా దొరుకుతుంది. ఇద్దరిలో ఎవరి వైపు అంటే, రిటర్న్ కొట్టి ఇంకా ముందుకు నడుస్తున్నవారి వైపు. కదులుతున్న మనిషికి పాదాల దగ్గరి బంతి చాలా కష్టం. రిటర్న్ పొట్టిగా, ఎత్తుగా వచ్చినప్పుడు మాత్రం డ్రాప్‌ను పట్టుకు వేలాడకండి. బలంగా, నేరుగా వెళ్లే డ్రైవ్ కొట్టి, దానికి వచ్చే బలహీనమైన జవాబును అయిదో షాట్‌గా డ్రాప్ చేయండి.

ఇక్కడి కోర్టుల గురించి కొంత చెప్పాలి. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు ప్రాంతాల అపార్టుమెంట్లలో మనవారు చాలామంది ఆడేది షటిల్ కోర్టు మీదనే. అందులో లోపమేమీ లేదు. 1965లో అమెరికాలోని బైన్‌బ్రిడ్జ్ ద్వీపంలో జోయెల్ ప్రిచర్డ్, ఆయన మిత్రులు బిల్ బెల్, బార్నీ మెక్‌కల్లమ్ ఈ ఆటను తయారుచేసింది ఒక పాత షటిల్ కోర్టు మీదే. మొదట షటిల్ ఎత్తులోనే కట్టిన నెట్‌ను తరువాత 36 అంగుళాలకు దించారు. రెండు ఆటల డబుల్స్ కోర్టూ 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవే. తేడా అంతా షటిల్ సర్వీసు గీతలో ఉంది. అది నెట్‌కు ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది, కిచెన్ గీత 7 అడుగులు ఉండాలి. ఆ అర అడుగు ముందుకు నిలబడి సాధన చేసినవారు అసలు కోర్టుకు వెళ్లిన రోజు వరుసగా కిచెన్ ఫాల్టులు చేస్తారు. కాబట్టి టేపుతో కొలిచి కొత్త గీత అతికించండి. దించికట్టిన నెట్ మధ్యలో జారిపోతుంటుంది కనుక ఆటకు ముందు 34 అంగుళాలు ఉందో లేదో చూడండి. 30 అంగుళాల నెట్ మీద కుదిరిన డ్రాప్ మరోచోట నెట్‌కే తగులుతుంది.

ఆషాఢపు గాలి కూడా లెక్కలోకి వస్తుంది. జూన్, జూలై సాయంత్రాల్లో పడమటి గాలి ఈ తేలికైన ప్లాస్టిక్ బంతిని ఎటంటే అటు నెడుతుంది. ఎదురుగాలిలో కొంచెం బలంగా, గాలివాలులో ఎత్తు తగ్గించి కొట్టండి. ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండడంతో గాలి సాంద్రత తక్కువ. చెన్నై నుంచో విజయవాడ నుంచో వచ్చి ఆడేవారి సర్వ్‌లు, డ్రైవ్‌లు కొద్దిగా ఎక్కువ దూరం పోవచ్చు. ఆరుబయట 40 రంధ్రాల గట్టి బంతిని వాడండి. 26 రంధ్రాల బంతి ఇండోర్ ఆటకు ఉద్దేశించినది.

డ్రాప్ కొట్టాక ముందుకు రావడం సగం విద్య. బంతి గరిష్ఠ ఎత్తు మీ వైపున కనిపిస్తే రెండు మూడు అడుగులు వేయండి. ఎదుటివారి ప్యాడిల్ కదిలే క్షణానికి మీరు ఎక్కడున్నా సరే ఆగి, కాళ్లు విడిగా పెట్టి, ప్యాడిల్‌ను ఛాతీ ముందు ఉంచండి. వచ్చిన బంతిని మళ్లీ డ్రాప్ చేసి మళ్లీ నడవండి. గీత చేరడానికి అయిదో షాటో, ఏడో షాటో అవసరమైతే అది సహజమే. డ్రాప్ ఎత్తుగా పోయిందని తెలిసిన వెంటనే నడక ఆపి, మరింత కిందికి వంగి కాచుకోండి. జోడీలో ఒకరు ముందుకు వెళ్లి మరొకరు వెనుక మిగిలిపోతే మధ్యలో పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. అందుకే కొట్టినవారు “వెళ్దాం” అనో “ఆగు” అనో పైకి అనడం అలవాటు చేసుకోవాలి.

పిల్లల దగ్గరికి అనంతపురం నుంచో నెల్లూరు నుంచో వచ్చి, సాయంత్రాలు ఈ ఆటలో చేరే పెద్దవారికి ఒక మనవి. తలపై నుంచి లాబ్, అంటే ఎత్తుగా లేపిన బంతి, వెళుతుంటే వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ అందుకోవాలని చూడకండి. ఈ ఆటలో వెల్లకిలా పడి మణికట్టు విరిగేది అలాగే. పక్కకు తిరిగి నడిచి వెళ్లండి, అందకపోతే ఆ పాయింటు వదిలేయండి.

వచ్చే పాఠంలో కిచెన్ గీత దగ్గర మెల్లగా కొట్టే డింక్ అనే షాట్ తీసుకుంటాం. అప్పటివరకు ఆడిన ప్రతిరోజూ ఆటకు ముందు చేతి విసురు పది, కిచెన్ గీత నుంచి వెనక్కి జరుగుతూ డ్రాప్‌లు నలభై చేయండి. ఆ తరువాత మీ జోడీతో ఏడు పాయింట్ల చిన్న ఆట ఒకటి ఆడండి: సర్వ్ జట్టు మూడో షాట్‌గా డ్రాప్ తప్ప మరేదీ కొట్టకూడదు, అవతలివారు దానిని ఎంత గట్టిగా కొట్టినా అనుమతి ఉంటుంది.