దించిన పికప్ ట్రక్కుకు వీల్ అలైన్‌మెంట్ – నాలుగో పాఠం: ముందు చక్రాల కోణాలు

మూడో పాఠంలో మనం 1973–87 నాటి షెవర్లే సీ10 ట్రక్కుకు ముందు వైపు డ్రాప్ స్పిండిళ్లు (చక్రం బిగించే ఇరుసు కొనను పైకి జరిపినవి), పొట్టి కాయిల్ స్ప్రింగులు బిగించి 4 అంగుళాలు దించాము. వెనుక ఇరుసును కమాన్ కట్టల కింది నుంచి పైకి మార్చి 6 అంగుళాలు దించాము. ఇప్పుడు ట్రక్కు చూడటానికి బాగుంటుంది గాని నడపడానికి ఇంకా సిద్ధం కాలేదు. కదలని చక్రాన్ని చూసి ఎవరూ చెప్పలేని మూడు కోణాలు, అంటే క్యాంబర్, క్యాస్టర్, టో, ఈ మార్పుతో తమ చోటు తప్పి ఉంటాయి. వాటిని తిరిగి చోటుకు తేవడమే ఈ పాఠం.

నేను మొదటిసారి దించిన ట్రక్కును స్ప్రింగులు బిగించిన రోజు సాయంత్రమే అలైన్‌మెంట్ షాపుకు తీసుకువెళ్లాను. వాళ్లిచ్చిన కాగితంలో అన్ని గడులూ పచ్చగానే ఉన్నాయి. అయినా కొన్ని వేల మైళ్లు తిరిగేసరికి ముందు టైర్ల లోపలి అంచులు తీగ బయటపడేదాకా అరిగిపోయాయి. కొలిచినవారి తప్పు అందులో ఏమీ లేదు. వాళ్లు కొలిచిన ఎత్తు రెండు వారాల తర్వాత ఆ ట్రక్కుకు లేదు, ఎందుకంటే కొత్త స్ప్రింగులు బరువుకు సర్దుకొని ఇంకొంచెం కిందికి దిగాయి. కోణం ఎప్పుడూ ఒక ఎత్తుకు సంబంధించిన కొలత. సీ10 సర్వీసు పుస్తకంలో కూడా క్యాస్టర్‌ను ఒక్క అంకెగా ఇవ్వలేదు. ఫ్రేముకూ కంట్రోల్ ఆర్ముకూ (చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచుతూ పైకీ కిందికీ కదిలే చేయి) మధ్య దూరాన్ని బట్టి మారే పట్టికగా ఇచ్చారు. కాబట్టి ఎత్తు నిలకడకు రాకముందు ఒక్క బోల్టు కూడా తిప్పవద్దు.

ఎత్తు నిలకడకు రావాలంటే ముందు ట్రక్కును రెండు మూడు వందల మైళ్లు నెమ్మదిగా నడపండి. టో (పై నుంచి చూసినప్పుడు ముందు చక్రాలు ఒకదాని వైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయన్నది) మరీ చెడిపోయి ఉంటే ఆ మైళ్లలోనే టైరు పాడవుతుంది కాబట్టి టేపుతో ఉజ్జాయింపుగా సరిచేసుకొని బయలుదేరాలి. తర్వాత నాలుగు టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీటులో మీ బరువుకు సరిపడా ఇసుక సంచులు పెట్టండి. ఈ ట్రక్కుల్లో పెట్రోలు ట్యాంకు ఫ్రేము పట్టీకి బయటి పక్కన ఉంటుంది. గ్యాలన్ పెట్రోలు దాదాపు 6 పౌండ్లు తూగుతుంది కనుక, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ ట్రక్కు ఒక పక్కకు ఒరిగే తీరు వేరుగా ఉంటుంది. సగం ట్యాంకుతో కొలవడం నా అలవాటు. రబ్బరు బుష్‌లు వాడినవారు కంట్రోల్ ఆర్ముల బోల్టులను ట్రక్కు బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే మెలితిరిగిన రబ్బరు ట్రక్కును పైకి ఎత్తి పట్టుకుంటుంది, మీరు రాసుకున్న ఎత్తు అబద్ధమవుతుంది. బాల్ జాయింట్లలో (ఆర్మునూ స్పిండిల్‌నూ కలిపే గుండ్రని కీళ్లు) గాని, టై రాడ్ (చక్రాన్ని స్టీరింగుకు కలిపే కడ్డీ) చివరల్లో గాని వదులు ఉంటే వాటిని మార్చాకే ముందుకు సాగాలి.

ఇక నేల సంగతి. ఇంటి గరాజు నేల నీళ్లు పోయేందుకు వాలుగా ఉంటుంది. ఇటు చక్రానికీ అటు చక్రానికీ 65 అంగుళాల దూరం ఉందనుకుంటే, ఆ దూరంలో నేల అర అంగుళం వాలినా క్యాంబర్ లెక్క 0.44 డిగ్రీ తప్పుతుంది. మన తాపీమేస్త్రీలు పునాది మట్టం చూసేందుకు సన్నని గొట్టంలో నీళ్లు నింపి వాడే పద్ధతి ఇక్కడ చక్కగా పనికివస్తుంది. నాలుగు టైర్లు నిలిచే చోట్లను ఆ గొట్టంతో చూసుకొని, పల్లమైన చోట నేల పలకలు పేర్చి సమం చేయండి. ముందు టైర్ల కింద మాత్రం రెండేసి నున్నని పలకల మధ్య గ్రీజు రాసి పెట్టండి. జాకీ మీద నుంచి దించిన ట్రక్కు చక్రాలు నేలను పట్టుకొని పక్కకు జరగలేవు, అందువల్ల ముందు భాగం ఎత్తుగానే నిలిచిపోతుంది. పలకలు జారితే ఆ పట్టు వదులుతుంది. బంపరును నాలుగైదు సార్లు నొక్కి వదిలాకే కొలత తీసుకోవాలి.

క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం నిలువు నుంచి ఎంత ఒరిగిందన్నది. పైభాగం లోపలికి ఒరిగితే దాన్ని మైనస్ అంటాము. డ్రాప్ స్పిండిల్ చక్రపు కేంద్రాన్ని మాత్రమే పైకి జరుపుతుంది, ఆర్ముల వాలును మార్చదు కనుక క్యాంబర్‌ను పెద్దగా కదిలించదు. పొట్టి స్ప్రింగు మాత్రం ఆర్ముల వాలునే మార్చి నిలబెడుతుంది. పై ఆర్ము కింది ఆర్ము కన్నా పొట్టిది కావడంతో చక్రపు పైభాగం లోపలికి లాగబడుతుంది. కొలవడానికి డిజిటల్ కోణమాపకం ఉంటే మంచిది, లేకపోతే రసమట్టం చాలు. రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ మట్టం నుంచి ఉన్న దూరాల తేడాను చూడండి. 20 అంగుళాల రిమ్ముకు ఒక డిగ్రీ అంటే దాదాపు 0.35 అంగుళం తేడా.

క్యాస్టర్ అంటే పక్క నుంచి చూసినప్పుడు పై, కింది బాల్ జాయింట్లను కలిపే గీత వెనక్కి ఎంత వాలిందన్నది. ట్రక్కు తిన్నగా పోవడం, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం దీని వల్లే. దీన్ని నేరుగా కొలవలేము. చక్రపు ముందు అంచును 20 డిగ్రీలు బయటికి తిప్పి క్యాంబర్ చూడండి, తర్వాత 20 డిగ్రీలు లోపలికి తిప్పి మళ్లీ చూడండి. మొదటి దాని నుంచి రెండో దాన్ని తీసివేసి 1.46తో హెచ్చించండి. బయటికి తిప్పినప్పుడు +1.2, లోపలికి తిప్పినప్పుడు −1.6 వస్తే తేడా 2.8, క్యాస్టర్ దాదాపు 4.1 డిగ్రీలు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. మనం వెనుక భాగాన్ని ముందు భాగం కన్నా 2 అంగుళాలు ఎక్కువ దించాము. పొట్టి బెడ్డు సీ10కి చక్రాల మధ్య దూరం 117.5 అంగుళాలు కనుక ఫ్రేము దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది, ఆ డిగ్రీ మొత్తం ముందు చక్రాల క్యాస్టర్‌కు కలుస్తుంది. వెనుక స్ప్రింగులు మార్చినప్పుడల్లా ముందు క్యాస్టర్‌ను తిరిగి కొలవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఈ రెండు కోణాలనూ సరిచేసేది పై ఆర్ము షాఫ్టుకూ (ఆర్ము తిరిగే కడ్డీ) ఫ్రేము బ్రాకెట్టుకూ మధ్య ఉండే సన్నని లోహపు పలకలు, అంటే షిమ్‌లు. అంకెలు బట్టీ పట్టకుండా పై బాల్ జాయింట్ ఎటు జరుగుతోందో మనసులో చూసుకోండి. రెండు బోల్టుల దగ్గరా షాఫ్టు సమానంగా బయటికి జరిగితే క్యాంబర్ ఒక్కటే ప్లస్ వైపు మారుతుంది. ముందు బోల్టు దగ్గర మాత్రమే బయటికి జరిగితే ఆర్ము కొన వెనక్కి తిరుగుతుంది కనుక క్యాస్టర్ పెరుగుతుంది, దానితో పాటు క్యాంబర్ కూడా కొంత మారుతుంది. క్యాంబర్ కదలకుండా క్యాస్టర్ పెంచాలంటే ముందు బోల్టు దగ్గర ఎంత బయటికి జరిపారో వెనుక బోల్టు దగ్గర అంతే లోపలికి జరపాలి. షాఫ్టు బ్రాకెట్టుకు లోపలి పక్క ఉంటే షిమ్ తీయడం అంటే బయటికి జరపడమే. షిమ్‌లన్నీ తీసేసినా క్యాంబర్ ఇంకా మైనస్‌లోనే మిగిలితే సర్దుబాటు అయిపోయినట్టే. అప్పుడు ఆఫ్‌సెట్ షాఫ్టు గాని, దించిన ట్రక్కుల కోసం చేసిన పై ఆర్ములు గాని కొనాలి. నిండా సర్దలేని చోట సర్దినట్టు నటించడం కన్నా ఆ ఖర్చు మేలు. రోడ్డు మీద తిరిగే ట్రక్కుకు నేను క్యాంబర్ సున్నా నుంచి −0.5 డిగ్రీ లోపు, క్యాస్టర్ +3 నుంచి +5 డిగ్రీల మధ్య, రెండు పక్కలా అర డిగ్రీ మించిన తేడా లేకుండా పెడతాను.

టోను చివరనే సరిచేయాలి, ఎందుకంటే పైన కదిపిన ప్రతి షిమ్మూ దాన్ని మారుస్తుంది. ముందుగా స్టీరింగును ఒక కొస నుంచి మరో కొసకు తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సగానికి తెచ్చి కదలకుండా కట్టండి. రెండు చక్రాలకు చెరొక తిన్నని అల్యూమినియం పలక ఆనించి, టైరు ముందు వైపు, వెనుక వైపు పలకల మధ్య దూరం టేపుతో చూడండి. ముందు దూరం తక్కువైతే టో ఇన్. 28 అంగుళాల టైరుకు 1/16 అంగుళం తేడా అంటే దాదాపు 0.13 డిగ్రీ. చిన్నదిగా కనిపించే ఈ కోణం ఎంత నష్టం చేస్తుందో చూడండి: చక్రం 0.1 డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే ప్రతి కిలోమీటరుకూ 1.7 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతుంది. టైరును క్యాంబర్ కన్నా టో ఎక్కువగా తినేస్తుందని నేను నొక్కి చెప్పేది అందుకే. మొత్తం 1/16 అంగుళం టో ఇన్ ఉండేలా టై రాడ్ స్లీవులను రెండు పక్కలా సమానంగా తిప్పండి. బిగించేటప్పుడు స్లీవు క్లాంపుల బోల్టులు ఎటు తిరిగి ఉన్నాయో చూడాలి, దించిన ట్రక్కులో అవి ఫ్రేముకు తగిలేంత దగ్గరగా వస్తాయి. స్టీరింగును రెండు కొసలకూ తిప్పి, ఏదీ తగలడం లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

కొలిచిన అంకెలన్నిటినీ, వాటి పక్కన నాలుగు చక్రాల దగ్గర నేల నుంచి ఫెండరు అంచు ఎత్తునూ, తేదీనీ నోటుపుస్తకంలో రాసుకోండి. 500 మైళ్ల తర్వాత మొదట ఎత్తులు చూడండి. అవి పావు అంగుళం మించి మారితే కోణాలన్నీ తిరిగి కొలవాలి. తిన్నని చదును రోడ్డు మీద ట్రక్కు ఇప్పటికీ ఒక పక్కకే పోతూ, స్టీరింగు వంకరగా పట్టుకుంటే గాని తిన్నగా నడవకపోతే, కారణం వెనుక ఇరుసు వంకరగా కూర్చోవడం కావచ్చు. కమాన్ కట్టల సెంటర్ బోల్టు నుంచి దాన్ని ఎలా సరిచూడాలో ఐదో పాఠంలో నేర్చుకుందాం.