బూడిద రంగు చీర మీద ఆకుపచ్చ అలలు

అమ్మకానికి తీసిన మంగళగిరి సన్న గళ్ళ చీర ఫొటోల్లో ఆకుపచ్చ, గులాబి అలలు. చీరేమో బూడిద రంగు! నూరు శాతం సైజులో చూసినా అలలు పోలేదు కాబట్టి స్క్రీన్ తప్పు కాదు.

కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ మీద ఒక్క రంగు ఫిల్టరే: సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. కొడాక్‌లో బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంట్ వచ్చింది. మిగతా రెండు రంగులూ పక్క పిక్సెళ్ళను బట్టి కెమెరా అంచనా వేసుకోవాలి. గళ్ళు పిక్సెళ్ళంత సన్నగా పడితే ఆ అంచనా తప్పుతుంది.

దగ్గరికి జరిగితే అలలు పోయాయి గానీ చీర మొత్తం ఫ్రేములో పట్టలేదు. వెనక్కొచ్చి, స్టాండు వేసి, లెన్సు రంధ్రం బాగా చిన్నదయ్యేలా అపర్చర్ ఎఫ్/16 పెట్టాను. బొమ్మ కాస్త మెత్తబడింది, అలలు మాయం. ఎడిటింగ్ బ్రష్‌తోనూ తీయొచ్చు. నాకైతే అది జరీ అంచు రంగునూ లాగేసింది.