పాత కబుర్లు తూచడం ఎలా, పాఠం 3: లింకన్ లవ్‌స్టోరీ

పోయినసారి 'చెప్పిందెవరు, వాళ్లకెలా తెలుసు' అని అడగడం నేర్చుకున్నాం కదా, ఇవాళ దానికి 'మొదటిసారి ఎప్పుడు చెప్పారు' అనేది కలుపుదాం. ప్రాక్టీస్‌కి అబ్రహాం లింకన్ తొలిప్రేమ తీసుకుంటున్నా, నూట యాభై ఏళ్లకి పైగా కొట్టుకుంటూనే ఉన్నారు దీనిమీద.

కథేంటంటే, 1831లో లింకన్ ఇల్లినాయిలోని న్యూ సేలం అనే చిన్న ఊరికొచ్చాడు. అక్కడ పూటకూళ్ల ఇల్లు నడిపే రట్లెడ్జ్ గారి కూతురు ఆన్. ఆమెకి మెక్‌నమార్ అనే వ్యాపారితో పెళ్లి ఖాయమైంది, ఆ మహానుభావుడేమో ఊళ్లో మెక్‌నీల్ అని వేరే పేరుతో తిరిగి, మావాళ్లని తీసుకొస్తానని న్యూయార్క్ వెళ్లి ఎంతకీ రాలేదు. ఈలోగా లింకన్, ఆన్ దగ్గరయ్యారని, 1835 ఆగస్టులో 22 ఏళ్లకే ఆమె జ్వరంతో పోతే అతను పిచ్చోడిలా అయిపోయాడని చెప్తారు.

ఇప్పుడు పెన్ను తీసి డేట్లు రాయండి. ఆమె పోయింది 1835లో. కథ నలుగురికీ తెలిసింది 1866 నవంబరులో, లింకన్ హత్యయిన ఏడాదిన్నరకి, అతని లా పార్ట్‌నర్ హెర్న్‌డన్ ఇచ్చిన లెక్చర్‌తో. 31 ఏళ్ల గ్యాప్! పైగా హెర్న్‌డన్‌కి లింకన్ భార్య మేరీ అంటే పడదు, ఆన్ తర్వాత లింకన్ ఇంకెవర్నీ ప్రేమించలేదన్నట్టు మాట్లాడాడు, పాపం ఆవిడ భర్త పోయిన బాధలో ఉంటే. అందుకే 1945లో రాండల్ అనే హిస్టోరియన్, హెర్న్‌డన్ పాత ఊరివాళ్లనడిగి రాసుకున్న వాంగ్మూలాలు చూసి, ఇవన్నీ ముసలాళ్ల జ్ఞాపకాలని దాదాపు పక్కన పడేశాడు.

కానీ 1990లో డగ్లస్ విల్సన్ అనే ఇంకో పరిశోధకుడు ఆ వాంగ్మూలాలన్నీ మళ్లీ లెక్కేస్తే 24 మందిలో 22 మంది లింకన్ ఆమెని ఇష్టపడ్డాడనే అన్నారు, కాదన్నవాళ్లు సున్నా. అయితే ఒకే ఊరివాళ్లు, ఒకరి మాట ఒకరు విన్నవాళ్లు, కాబట్టి 22 నోళ్లంటే 22 సాక్ష్యాలు కాదు. నాకైతే అంతకంటే గట్టిగా అనిపించేది ఇంకోటుంది: 1862లోనే, లింకన్ ప్రెసిడెంట్‌గా ఉండగానే, మెనార్డ్ యాక్సిస్ అనే లోకల్ పేపర్లో అమ్మాయి పేరు లేకుండా ఇదే కథ పడింది. అంటే హెర్న్‌డన్ కల్పించాడనడం కుదరదు, చూశారా ఒక్క డేటు ఎంత పని చేసిందో.

మరి లింకన్, ఆన్ రాసుకున్నారన్న ప్రేమ ఉత్తరాలు? 1928 చివర్లో అట్లాంటిక్ మంత్లీ అనే పత్రిక వేసింది, ఆహా ఓహో అన్నారు, తీరా చూస్తే దొంగవి. వాటిల్లో లింకన్ రాసినట్టున్న ఓ ఉత్తరంలో భూమి 'సెక్షన్ 40' అని ఉంది, అమెరికా సర్వేలో భూమిని టౌన్‌షిప్ అనే పెద్ద చదరాలుగా, వాటిని సెక్షన్లనే చిన్న చదరాలుగా కోస్తారు, టౌన్‌షిప్‌కి సెక్షన్లే 36, లింకనేమో స్వయంగా సర్వేయరు, అతనలా రాస్తాడా?

నా తూకం ఇది: ఇష్టపడ్డాడు, బాగా ఏడ్చాడు అనేవి నమ్మొచ్చు, ఆన్‌తో నిశ్చితార్థం జరిగిందనేది సగం సగం, ఇంకెవర్నీ ప్రేమించలేదనేది మాత్రం ఒప్పుకోను, 1836కల్లా మేరీ ఓవెన్స్ అనే ఆవిడ వెంట పడ్డాడు మరి.

హోంవర్క్: మీ ఇంట్లో తాతల నాటి ప్రేమకథో ఆస్తి గొడవో ఒకటి తీసుకుని, ఎవరు ఏ ఏడు మొదట చెప్పారో, అప్పటికి సంబంధించినవాళ్లు బతికున్నారో లేదో రాసిపెట్టుకోండి. పాఠం 4లో దాన్నే పట్టుకుని, ప్రశ్న అడిగేవాడే జవాబు ఎలా నోటికందిస్తాడో చూద్దాం.