ఆఖరి దశ రోగులకు ఆశ్రయ గృహం కట్టదలిస్తే ఊరిని కూడగట్టే విధానం

ముదిరిన క్యాన్సరు రోగిని చెన్నైలోనో వేలూరులోనో చూసి, "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని చెప్పి పంపాక, నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు అసలు కష్టం మొదలవుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవారి పరిస్థితి మరీ దారుణం. ఇంట్లో ప్రాణం పోతే, అందులోనూ ధనిష్ఠా పంచకంలో పోతే, నెలల తరబడి ఇల్లు మూసిపెట్టాల్సి వస్తుందన్న భయంతో యజమానులు ముందుగానే ఖాళీ చేయమంటారు. ఇలాంటి వారు నొప్పి లేకుండా, అయినవారి నడుమ చివరి రోజులు గడపడానికి ఏర్పరిచే ఇంటినే హాస్పిస్ అంటారు. దానిని ఊరి సాయంతో నిలబెట్టదలచినవారు ఏ పని ముందు, ఏది తర్వాత చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొట్టమొదట స్థలం కోసం తిరగవద్దు. కనీసం ఆరు నెలలు రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేయండి. కేరళలో 1999లో మొదలైన ఇరుగుపొరుగు ఉపశమన సేవ (నయంకాని రోగుల నొప్పి, బాధ తగ్గించే సేవ) ఈ దారినే నడిచింది. అక్కడ స్థానికులే శిక్షణ పొంది, రోగుల ఇళ్లకు వెళ్లి, ఖర్చులకు చిన్న చిన్న చందాలు పోగుచేశారు. ఏ ఊళ్లో ఎవరున్నారు, నొప్పి ఎంత, పడక పుళ్లు ఉన్నాయా, చూసుకునే మనిషి ఉన్నారా లేరా అన్నది ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, ఎన్ని మంచాలు అవసరమో ఆ పుస్తకమే చెబుతుంది. దాతల ఉత్సాహాన్ని బట్టి మంచాల సంఖ్య నిర్ణయించడం పొరపాటు. పది మంచాలతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

కందుకూరు దగ్గర ఒక పల్లెలో మేము చూసిన ఇంట్లో, నులక మంచం మీదున్న మామగారిని కోడలు ఒక్కతే పక్కకు తిప్పలేక అవస్థ పడుతోంది. మాతో వచ్చిన నర్సు పాత చీరను నాలుగు మడతలు వేసి ఆయన నడుము కింద పరిచి, రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని ఒక్కసారిగా జరిపితే చర్మం రాసుకోదని చూపించింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న పక్కింటి ఆవిడ మరునాటి నుంచి రోజూ వచ్చి రెండో కొస పట్టుకుంది. మీకు కావలసిన కార్యకర్తలు ఇలా దొరుకుతారు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, ఎండిన నోటిని తడి గుడ్డతో తుడవడం, ఊరికే పక్కన కూర్చోవడం ఎవరైనా నేర్చుకోగలరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడిన ప్రాంతం ఇది కనుక, పొదుపు సంఘాల సమావేశాల్లో ఈ మాట తప్పకుండా ఎత్తండి.

సంస్థ నమోదు పెద్ద పనేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. వారిలో ఒక వైద్యుడు, ఒక విశ్రాంత నర్సు, లెక్కలు తెలిసిన ఒకరు ఉండేలా చూడండి. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చేలా అనుమతి తీసుకోండి; రూ. 2,000 మించిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదని ముందే చెప్పండి.

డబ్బు విషయంలో కట్టడానికి, నడపడానికి తేడా చాలా ఉంది. గోడ మీద పేరు చెక్కిస్తామంటే గది కట్టించే దాత దొరుకుతాడు, చీమకుర్తి వైపు అడిగితే గ్రానైటు పలకలూ రావచ్చు. నర్సు జీతానికి పేరు చెక్కే పలక ఉండదు కాబట్టి నెల నెలా ఇచ్చేవారు అరుదు. మూడు వందల ఇళ్లు నెలకు రూ. 200 చొప్పున ఇస్తే రూ. 60,000 అవుతుంది. దానితో ఏయే జీతాలు గట్టెక్కుతాయో లెక్క వేసుకుని, ఆ చందా వరుసగా ఆరు నెలలు వసూలయ్యాకే శంకుస్థాపన చేయండి. పెద్దల సంవత్సరీకం రోజున రోగులకూ వారి బంధువులకూ ఒక పూట భోజనం పెట్టించడానికి చాలామంది ముందుకు వస్తారు. మిల్లు యజమానులను బియ్యం అడగండి. పొగాకు రైతుల వద్దకు మాత్రం వేలం సాగే నెలల్లోనే వెళ్లండి.

స్థలం ఖాయమయ్యే సమయానికి "మా వీధిలో చావుల ఇల్లా?" అని అడ్డుచెప్పేవారు ఉంటారు. వారితో వాదించకుండా, ఒకరిద్దరిని వెంటబెట్టుకుని మీరు సేవ చేస్తున్న ఇంటికి తీసుకెళ్లండి. నల్లరేగడి నేల అయితే పునాదికి ఇంజనీరు సలహా తప్పనిసరి. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫానులు ఉంటాయి కనుక సంక్రాంతి తర్వాత పని మొదలుపెట్టి, దసరాలోగా స్లాబు పూర్తిచేయండి. మంచం అలాగే బయటికి వచ్చేంత వెడల్పు తలుపులు, మెట్లకు బదులు వాలుదారి, ప్రతి మంచం పక్కన తోడుండే మనిషి పడుకునే చోటు, బంధువులు వారి రుచికి వండుకునే వంటగది కావాలి. ఏ మతం వారైనా భౌతికకాయానికి స్నానం చేయించి ప్రార్థన చేసుకునేందుకు నీళ్ల వసతితో ఒక గది విడిగా ఉంచండి. చాలా ప్లానుల్లో మరిచిపోయేది ఈ గదినే.

భవనం లేస్తుండగానే, తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మందు అనుమతికి దరఖాస్తు చేయండి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు పొందిన వైద్య సంస్థ ఈ మందును ఉంచుకుని రోగులకు ఇవ్వవచ్చు. ఇందుకు ఉపశమన చికిత్సలో శిక్షణ పొందిన వైద్యుడు, తాళం వేసిన బీరువా, ప్రతి మాత్రకూ లెక్క రాసే రిజిస్టరు ఉండాలి. ప్రైవేటు వైద్య సంస్థగా జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో నమోదు కూడా అవసరమే. మార్ఫిన్ అలవాటైపోతుందని, అది ఇస్తే త్వరగా పోతారని బంధువులు భయపడతారు. వైద్యుడు సరైన మోతాదులో ఇస్తే అలా జరగదని కార్యకర్తలందరూ ఓపికగా చెప్పగలగాలి. దానితో పాటు మలబద్ధకానికి మందు తప్పనిసరిగా రాయించుకోవాలన్న సంగతీ వారికి నేర్పండి. మొదటి రోగిని చేర్చుకునే ముందు రోజు రాత్రి ఇద్దరు కార్యకర్తలు ఆ మంచాల మీదే పడుకుని, ఫ్యాను గాలి తగులుతోందా, పిలిస్తే నర్సుకు వినపడుతోందా అని చూసుకోవాలి.