గిటార్ నెక్ బిగించే ముందు

విడిభాగాలుగా వచ్చే గిటార్ కిట్ పెట్టె విప్పగానే చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. కాస్త ఆగండి.

ముందు నెక్‌ని (గిటార్ మెడని) పాకెట్‌లో, అంటే బాడీలో దానికోసం తవ్విన గుంటలో, ఉత్తినే కూర్చోబెట్టి చూడండి. దిగకపోతే సుత్తి జోలికి పోవద్దు. చాలాసార్లు అడ్డుపడేది పాకెట్ గోడలకి పేరుకున్న పెయింటే. సాండ్‌పేపర్‌తో కొంచెం రుద్దడం, మళ్ళీ పెట్టి చూడడం, అంతే.

స్కేల్ (తీగ మోగే పొడవు) 648 మి.మీ. అయితే నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కి (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీకి) 324 రావాలి. అక్కడి నుంచి బ్రిడ్జి శాడిల్‌కీ (బాడీ మీద తీగ ఆనే చోటు) దాదాపు అంతే, శాడిల్ ఇంకాస్త వెనక్కి జరిగే చోటు ఉండాలి.

సన్న తీగ, లావు తీగ వెళ్ళే దారిలో నట్ నుంచి బ్రిడ్జి దాకా నూలు దారాలు లాగి కట్టండి. ఒక దారం ఫ్రెట్‌బోర్డు అంచుకి మరీ దగ్గరైతే నెక్ వంకరగా కూర్చున్నట్టే. సరిచేసి, క్లాంప్ వేశాకే రంధ్రాలకు గుర్తులు పెట్టండి.

అసలు గండం డ్రిల్లింగే. స్క్రూ పొడవులోంచి బాడీ వెనక స్క్రూల కింద ఉండే లోహపు ప్లేటు మందం, దాని కింది బాడీ మందం తీసేస్తే నెక్‌లోకి దిగేది ఎంతో తేలుతుంది. డ్రిల్ బిట్‌కి కొన నుంచి అంత దూరంలో టేపు చుట్టండి. నా మొదటి కిట్‌కి బద్ధకించాను. 18వ ఫ్రెట్ పక్కన బిట్ కొన తొంగిచూసింది!

బాడీ రంధ్రాల్లో స్క్రూ వదులుగా జారిపోవాలి. అక్కడ స్క్రూ చుట్టూ ఉండే మరలు పట్టుకుంటే ఎంత బిగించినా నెక్ కింద సందు మిగులుతుంది. నెక్‌కి వాడే మేపుల్ గట్టి చెక్క కాబట్టి మరలకి కొవ్వొత్తి రాయండి, లేకపోతే స్క్రూ తల తెగి చేతికొస్తుంది.